రాక్ ఎవరి పాట?



మా కాలేజీలో ఒక విద్యార్థి అడిగాడు: "సార్, క్లాసులో డప్పు గురించి అంత చెప్తారు, మీరు వినేది మాత్రం తెల్లోళ్ల రాక్ సంగీతమట గదా?" వింటాను. పీహెచ్‌డీ రాసుకున్న రాత్రుల్లో నాకు తోడున్నది ఆ గిటారే. 'తెల్లోళ్ల' అన్న మాట దగ్గరే నా పేచీ. ఈ వారం దాని చరిత్ర చెప్పుకుందాం.

1920లో మామీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా డబ్బిచ్చి రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్లూ పేద తెల్లవాళ్లూ ఒకరి పాట ఒకరు నేర్చుకుని పాడుకుంటున్న కాలం అది. కంపెనీలు ఆ పాటల మధ్య క్యాటలాగులో గోడ కట్టాయి. నల్లవాళ్లవి 'రేస్ రికార్డ్స్', తెల్లవాళ్లవి 'హిల్‌బిల్లీ'. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్' అన్న మాట తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. పేరుకు మర్యాద వచ్చింది, గోడ మాత్రం కదల్లేదు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకి ఇదేం వింత కాదు. లైబ్రరీలో 'ఆధునిక కవిత్వం' ఒక అర, 'దళిత కవిత్వం' ఇంకో అర. రెండో అరలో ఉన్నది ఆధునికం కాదా అని అడిగితే లైబ్రేరియన్ నవ్వి ఊరుకుంటాడు.

గోడ ఎవరికి లాభమో 'హౌండ్ డాగ్' పాట చెప్తుంది. 1952లో బిగ్ మామా థార్న్‌టన్ దాన్ని రికార్డు చేసింది. 1953లో విడుదలై నల్లవాళ్ల జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. తనకు ముట్టింది ఒకే ఒక్క ఐదు వందల డాలర్ల చెక్కు అని ఆమె చెప్పుకుంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడి దేశమంతా ఊపేశాడు. 'ఎల్విస్ దొంగ' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ పాట రాసింది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్లు, థార్న్‌టన్ కోసమే రాశారు. అసలు సంగతి దొంగతనం కన్నా లోతుగా ఉంది. కాగితం మీద రాసినవాడికి హక్కుంది, గొంతుతో పాటకు ప్రాణం పోసినామెకు లేదు. కైగట్టి పాడే మన అమ్మలక్కలకు ఏ హక్కు పత్రం ఉంది?

దొంగతనాలూ లేకపోలేదు. లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్ (1969) మొదటి పాట వింటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ అందులో విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ పాడిన పాట ఉంది, డిక్సన్ పేరు మాత్రం లేదు. 1985లో ఆయన కోర్టుకెక్కాడు. 1987లో రాజీ కుదిరింది, తర్వాత పేరు చేర్చారు.

నిర్వాణా అంటే అందరూ 'నెవర్‌మైండ్' అంటారు. నా ఓటు న్యూయార్క్ 'అన్‌ప్లగ్డ్'కే. 1993 నవంబర్ 18న రికార్డు చేసి, కర్ట్ కొబేన్ చనిపోయాక 1994లో విడుదల చేశారు. దానిలో చివరి పాట లెడ్‌బెల్లీ నుంచి నేర్చుకున్నది, ఆ మాట కొబేన్ వేదిక మీదే చెప్పాడు. ఎవరీ లెడ్‌బెల్లీ? 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ జానపదాలు సేకరిస్తూ లూసియానాలోని అంగోలా జైలుకి వెళ్లినప్పుడు దొరికిన ఖైదీ. ఆయన పాడిన 'గుడ్‌నైట్ ఐరీన్'కు రచయితగా జాన్ లోమాక్స్ పేరు కూడా ఎక్కింది. లెడ్‌బెల్లీ 1949 డిసెంబర్‌లో చనిపోయాడు. 1950లో వీవర్స్ అనే తెల్లవాళ్ల బృందం పాడగా ఆ పాట దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. నేను చదివిన జానపద గేయ సంకలనాల్లో చాలావాటికి అట్ట మీద సేకర్త పేరుంటుంది. పాడినామె పేరు కోసం పేజీలు తిరగేసి అలసిపోయాను.

ఇప్పుడు అసలు ఆల్బమ్‌కి వస్తాను. డెట్రాయిట్‌లో హాక్నీ ఇంటిపేరున్న ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు: డేవిడ్ గిటారు, బాబీ పాటా బేస్ గిటారూ, డానిస్ డ్రమ్స్. మొదట ఫంక్ వాయించారు. తర్వాత రాక్ వైపు తిరిగారు. డెట్రాయిట్ అంటే మోటౌన్ ఊరు, నల్లపిల్లలు సోల్ పాడాలని అందరి లెక్క. నాన్న చనిపోయాక డేవిడ్ బృందానికి 'డెత్' అని పేరు పెట్టాడు. 1975లో ఏడు పాటలు రికార్డు చేశారు. పేరు మార్చుకుంటే ఒప్పందం ఇస్తానని క్లైవ్ డేవిస్ అన్నాడు. ఆ రంగంలో ఆయన మాటకు తిరుగులేని రోజులవి. వీళ్లు మార్చం అన్నారు. 1976లో సొంత డబ్బుతో ఒక రికార్డు ఐదు వందల కాపీలు వేసుకున్నారు. రేడియోలు పట్టించుకోలేదు. అదే ఏడాది రామోన్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది, పంక్ పుట్టిందని చరిత్ర రాశారు.

డేవిడ్ ఆ టేపుల్ని తమ్ముడి చేతిలో పెట్టి, ప్రపంచం వీటిని వెతుక్కుంటూ వస్తుంది, దాచు అన్నాడట. 2000లో క్యాన్సర్‌తో చనిపోయాడు. పాత రికార్డులు సేకరించేవాళ్ల చేతుల్లో ఆ ఐదు వందల కాపీలు తిరిగి తిరిగి, తమ నాన్న గొంతని బాబీ కొడుకులు గుర్తుపట్టేదాకా వచ్చింది. 2009లో డ్రాగ్ సిటీ కంపెనీ ఏడు పాటల్నీ 'ఫర్ ద హోల్ వరల్డ్ టు సీ' పేరుతో విడుదల చేసింది.

చరిత్ర జాలితో మెచ్చుకునే ఆల్బమ్ కాదిది. మొత్తం అరగంట కూడా లేదు, ఒక్క పాట కూడా దాటెయ్యబుద్ధి కాదు. 'లెట్ ద వరల్డ్ టర్న్' మెల్లగా మొదలై మధ్యలో విరుచుకుపడుతుంది. వేగం ఎంత పెరిగినా బాబీ బేస్‌లో ఫంక్ నడక వినిపిస్తూనే ఉంటుంది, అది రామోన్స్‌లో నాకు దొరకదు. హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పీకి స్పీకర్‌లో వినండి.

వచ్చే భాగంలో చెన్నైకి వెళ్దాం, క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ దగ్గరికి.