రసాయన ఉత్పరివర్తనాల పరిశోధకురాలు షార్లెట్ ఆవర్‌బాక్

రసాయనాలు జన్యువులను మార్చగలవని నిరూపించిన తొలి శాస్త్రవేత్తలలో డాక్టర్ షార్లెట్ ఆవర్‌బాక్ ఒకరు. 1899లో జర్మనీలోని క్రెఫెల్డ్‌లో జన్మించారు. యూదురాలైనందున 1933లో ఉపాధ్యాయ పదవి కోల్పోయి ఎడిన్‌బరో చేరారు. 1935లో అక్కడే డాక్టరేట్ పొందారు.

ఎక్స్-కిరణాల ప్రభావాన్ని 1927లోనే హెర్మన్ ముల్లర్ నిరూపించినప్పటికీ, రసాయనాల విషయం తేలలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఔషధ శాస్త్రవేత్త జె.ఎం. రాబ్సన్‌తో కలసి ఆమె పండ్ల ఈగలను మస్టర్డ్ వాయువుకు గురిచేశారు. ఈ ప్రయోగాలలో ఆమె చేతులు కాలాయి. ఈగల సంతతిలో ప్రాణాంతక ఉత్పరివర్తనాలు విస్తారంగా కనిపించాయి. కొన్ని మార్పులు వెంటనే గాక, కణ విభజనలు జరిగిన పిమ్మట బయటపడడం ఆమె గమనించిన మరో ముఖ్యాంశం. యుద్ధ రహస్యమైనందున పూర్తి ఫలితాలు యుద్ధం ముగిశాక గాని వెలువడలేదు.

లండన్ రాయల్ సొసైటీ ఆమెను 1957లో సభ్యురాలిగా ఎన్నుకొని, 1976లో డార్విన్ పతకంతో సత్కరించింది. ఆమె 1994లో ఎడిన్‌బరోలో మరణించారు.