గొల్లభామకు ఛాయాచిత్రం

రామగిరి కొండ పాదాన వానలు కురిసి పొదలు పచ్చబడగానే గొల్లభామలు కనబడతాయి. గత శ్రావణంలో మా మనుమడు ఒకదానిని తెచ్చి గాజుసీసాలో పెంచాడు. దానిని బాగా దగ్గరగా ఫొటో తీయాలని వాడి కోరిక. ఒకనాటి ఉదయం అది సీసా మూతకు తలక్రిందులుగా వ్రేలాడుతున్నది. వెలుతురు చాలదని నేనే సీసాను ప్రక్కకు త్రిప్పాను. అది కుబుసం విడిచే వేళ అని నాకు తెలియదు. జారిపడింది. కాళ్ళు వంకరపోయి మరునాటికి మరణించింది. ఆ అపరాధభావమే ఈ పురుగును పెంచి, చిత్రించినవారి చరిత్ర చదివించింది.

ముందుగా పేరు సంగతి. మాంటిస్ అంటే గ్రీకు భాషలో భవిష్యత్తు చెప్పేవాడు. 1758లో లిన్నేయస్ ఐరోపా జాతికి ‘రెలిజియోసా’ అన్న విశేషణం చేర్చాడు. ముడిచిన ముంగాళ్ళలో వారికి ప్రార్థన కనబడింది. మనవారికి గొల్లభామ కనబడింది. ఎత్తిన చేతులు నెత్తిమీది కుండను పట్టుకొన్నట్లు తోచడమే కారణమని నా ఊహ. ఇవన్నీ దూరం నుండి చూచి పెట్టిన పేర్లే. దగ్గరకు వెళితే ఆ చేతులకు రంపపు పళ్ళు!

అలా దగ్గరకు వెళ్ళినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రే (1823–1915). ఆయనా బడిపంతులే. ఇసుక పోసిన పళ్ళెంపై తీగవల మూత బోర్లించి, లోపల ఒక మొక్కను, గ్రుడ్లు పెట్టడానికి ఒక రాతిపలకను ఉంచి గొల్లభామలను పెంచాడు. ఆడది మగదానిని తినడం కన్నులార చూచి, 1897 నాటి సంపుటంలో వ్రాశాడు. అంతటితో ప్రార్థన చేసే పురుగు కాస్తా లోకం దృష్టిలో పతిహంతకి అయింది. తండ్రి గ్రంథాలకు కీటకాల ఛాయాచిత్రాలు తీసినవాడు కుమారుడు పాల్.

1914లో అమెరికాలో డేవిడ్, మేరియన్ ఫెయిర్‌చైల్డ్ దంపతులు పొడవాటి కెమెరాతో పురుగులను ఎన్నో రెట్లు పెంచి చూపుతూ ఒక పుస్తకం వెలువరించారు. దాని పేరుకు ‘రాక్షసుల పుస్తకం’ అని అర్థం. ఆనాడు ఫలకంపై బొమ్మ పడటానికి చాలా సేపు పట్టేది. అంతసేపు ప్రాణమున్న పురుగు కదలకుండునా? అందుచేత చంపి, కాళ్ళు సర్ది నిలిపేవారు. 1955లో కిల్‌ఫిట్ అనే జర్మను నిపుణుడు చిన్న కెమెరాలకు మాక్రో కటకం తెచ్చాడు. దానికి ఫ్లాష్ తోడై, సజీవంగానే తీయడం సులువైంది.

1980లలో లిస్కే, డేవిస్ అనే శాస్త్రజ్ఞులు చైనా జాతి గొల్లభామలకు కడుపునిండా ఆహారం పెట్టి, మనుషులు దగ్గర లేకుండా వీడియో తీశారు. అప్పుడు భర్తను తినడం కనబడలేదు! ఆకలి, బంధనం, మన ఉనికి వాటి నడతను మార్చగలవన్నమాట. ఇన్స్పెక్టరు వచ్చిన రోజు తరగతిని చూచి పిల్లల స్వభావం నిర్ణయించరాదని ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా?

కనుక ఫొటోలు తీసే మిత్రులకు ఒక మనవి. గొల్లభామ ఆహారం మాని తలక్రిందులుగా వ్రేలాడుతుంటే కెమెరా ప్రక్కన పెట్టండి. కొత్త చర్మం గట్టిపడేదాకా దానిని కదపవద్దు.

మా వాడు అంతకుముందు తీసిన ఫొటో ఒకటి మిగిలింది. కంటిలో ఒక నల్లచుక్క నన్నే చూస్తున్నట్లుంటుంది. అది కనుపాప కాదు. మనవైపు తిరిగిన చిరుకన్నులు వెలుగును తిరిగి పంపక మ్రింగివేయడం వలన కలిగే నలుపు. ఎటునుండి చూచినా మనవంకే తిరుగుతుంది. కారణం తెలిసినా, ఆ ఫొటోను ఎక్కువసేపు చూడలేకున్నాను.

మీ ప్రాంతాలలో ఈ పురుగును ఏమని పిలుస్తారో తెలియజేయగలరు.