కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం

విద్యాపరంగా వెనుకబడిన ప్రాంతాల్లోని పేద బాలికలకు వసతితో కూడిన ఉచిత విద్య అందించేందుకు కేంద్ర ప్రభుత్వం 2004లో ప్రారంభించిన పథకం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. తొలుత విడిగా నడిచిన ఈ పథకాన్ని 2007 ఏప్రిల్ 1 నుంచి సర్వశిక్షా అభియాన్‌లో విలీనం చేశారు. 2018 నుంచి ఇది సమగ్ర శిక్షలో భాగంగా అమలవుతోంది. వాడుకలో కేజీబీవీ అంటారు.

1883లో బాల్యవివాహమై, బడి చదువుకు నోచుకోని కస్తూర్బా పేరును ఈ విద్యాలయాలకు పెట్టడం సముచితమే. భర్త నేర్పబోయిన అక్షరాలు కూడా అంతంతమాత్రంగానే సాగాయి. గుజరాతీలో సులభమైన ఉత్తరం రాసుకోగలిగేంత వరకే ఆమెకు చదువు అబ్బింది.

2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ స్త్రీల అక్షరాస్యత 46.13 శాతం. అంతకన్నా తక్కువ అక్షరాస్యత ఉండి, స్త్రీ పురుషుల మధ్య అంతరం జాతీయ సగటును మించిన బ్లాకులను ప్రధానంగా ఈ పథకానికి ఎంపిక చేశారు. తెలుగు రాష్ట్రాల్లో మండలమే ఇందుకు ప్రాతిపదిక. సీట్లలో 75 శాతం షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల బాలికలకు, తక్కిన 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల బాలికలకు కేటాయించారు.

బడి ఉంటే చాలదా, వసతి ఎందుకన్న ప్రశ్న పథకం తొలినాళ్ల నుంచీ ఉంది. దానికి జవాబు పల్లె జీవనంలోనే దొరుకుతుంది. ప్రాథమిక పాఠశాల ఊళ్లోనే ఉంటుంది. ఆరో తరగతికి పొరుగూరికి నడవాలి. కొడుకును పంపినంత సులువుగా కూతుర్ని పంపరు. తల్లి కూలికి వెళితే చంటిబిడ్డను చూసుకునేది, వంట చెరువు మోసేది, నీళ్లు తెచ్చేది ఆ ఆడపిల్లే. వలస వెళ్లే కుటుంబాల్లో పరిస్థితి మరింత కఠినం. పాలమూరు, కర్నూలు ప్రాంతాల సంకర పత్తి విత్తన క్షేత్రాల్లో ఇది మరో రూపం దాల్చింది. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలను తొలగించి, మర్నాడు ఉదయం మగపువ్వు పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఆడపిల్లలనే పెట్టుకునేవారు. చిన్న వేళ్లు చురుకుగా కదులుతాయన్నది పైకి చెప్పే కారణం. తక్కువ కూలి అసలు కారణం. సీజనుకు ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడేది. అప్పు తీరేదాకా పిల్ల బడి ముఖం చూసేది కాదు. ఇంటికి దూరంగా, భోజనంతో సహా భద్రమైన చోటు దొరికితే తప్ప ఇటువంటి బాలిక చదువు నిలవదు.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ 1990వ దశకంలోనే ఈ సంగతి గ్రహించింది. పని మాన్పించిన పిల్లలను వసతి శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేరేలా సిద్ధం చేసింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

పథకంలోని పెద్ద లోపం మొదట్లో ఎనిమిదో తరగతితోనే ఆగిపోవడం. విద్యాహక్కు చట్టం రక్షణ సైతం 14 ఏళ్లతో ముగుస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి. హాస్టల్ నుంచి ఇంటికి తిరిగివచ్చిన బాలిక పొలానికో పెళ్లిపీటలకో చేరితే, అంతవరకు వెచ్చించిన శ్రమ సగంలో ఆగినట్టే. సమగ్ర శిక్ష కింద పన్నెండో తరగతి వరకు విస్తరణకు వీలు కలిగింది. 2020 జాతీయ విద్యావిధానమూ దీన్నే నిర్దేశించింది. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి వరకు బోధన ఉండగా, అనేక విద్యాలయాల్లో ఇంటర్మీడియెట్ కూడా ప్రవేశపెట్టారు.

తెలుగు రాష్ట్రాల్లో విద్యాలయ బాధ్యత స్పెషల్ ఆఫీసర్‌ది. బోధనా సిబ్బందిలో అత్యధికులు కాంట్రాక్టు ఉపాధ్యాయినులు. పగలు పాఠం, రాత్రి పర్యవేక్షణ రెండూ వారివే. ఉద్యోగ భద్రత, వేతనాలపై వారి విజ్ఞప్తులు ఏళ్లుగా వినవస్తున్నాయి.

ప్రవేశాల్లో అనాథలకు, తల్లిదండ్రుల్లో ఒకరిని కోల్పోయిన వారికి, బడి మానేసిన బాలికలకు ప్రాధాన్యం ఇస్తారు. వసతి, భోజనం, పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు ఉచితం. వివరాల కోసం మండల విద్యాధికారి కార్యాలయాన్ని గానీ, సమీపంలోని విద్యాలయాన్ని గానీ సంప్రదించవచ్చు.