కప్పతల్లి ఏ కప్ప?

కొండ నీటిగుంటలలో సాలమాండర్లనూ కప్పలనూ లెక్కించే శాస్త్రజ్ఞుల వృత్తాంతాలు చదివినప్పుడల్లా నాకు పెద్దవూర వైపు గుట్టల మీది దొనలు జ్ఞప్తికి వస్తాయి. సాలమాండరు మనకు లేదు. భారతదేశంలో అది తూర్పు హిమాలయాలకూ ఈశాన్యపు కొండలకూ పరిమితం. అందుకే కాబోలు, దానికి తెలుగులో పేరే పుట్టలేదు. కప్పకు ఆ లోటు లేదు. జనం బోదురుకప్ప, గోండ్రుకప్ప, చెట్టుకప్ప అన్నారు; పండితులు మండూకమనీ భేకమనీ దర్దురమనీ అన్నారు.

వీటిని శాస్త్రగ్రంథాలకు ఎక్కించినవారిలో ముందుగా చెప్పదగినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు యానాదులను అడిగి పక్షుల పేర్లూ నడవడికలూ తెలుసుకున్నాడు. జనాన్ని అడగడం తెలిసినవాడు కనుకనే ఆయనంటే నాకు గౌరవం. 1853 నాటి ఆయన సరీసృపాల జాబితాలో కప్పలకూ చోటు దక్కింది. అందులో వర్ణించిన ఒక పెద్ద కప్ప నేటికీ ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది.

తరువాతివాడు ఎడ్గార్ థర్‌స్టన్. కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు (1909) వెలువరించినవాడిగానే ఆయన మనకు పరిచయం. అంతకు ఇరవయ్యొక్క ఏళ్ళ ముందు, 1888లో, మద్రాసు మ్యూజియం తరఫున దక్షిణ భారతపు కప్పల జాబితాను అచ్చువేసినవాడూ ఆయనే! వానలు పడనప్పుడు కాపు స్త్రీలు కప్పను పట్టి కొత్త చేటకు కట్టి, వేపాకు పరచి, ఇంటింటికీ తిరిగేవారనీ, గృహిణి దానిమీద నీళ్ళు పోసేదనీ ఆయనే నమోదు చేశాడు. తెలంగాణలో రోకలికి కట్టి ఊరంతా తిప్పే కప్పతల్లి ఆట దీనికి తోబుట్టువే.

విచిత్రమేమంటే, కప్పలను జాతులవారీగా ఎరిగిన ఆ మనిషి చేట మీది కప్ప ఏ జాతిదో రాయలేదు. శాస్త్రం ఒక పుస్తకంలో, ఆచారం మరొక పుస్తకంలో ఉండిపోయాయి. నా ఊహ ఇది: వాన లేని రోజుల్లో మట్టిలో దాగే కప్పలు చేతికి చిక్కవు. బావుల్లో, కుంటల్లో ఏడాది పొడవునా ఉంటూ నీటిమీద గెంతుతూ పోయే చిన్న కప్పే ఆ ఆడవాళ్ళకు దొరికి ఉండాలి. 1799లోనే ష్నైడర్ దానికి శాస్త్రనామం పెట్టాడు.

పెద్దవూరకు కృష్ణ ఆవల ఉన్న నల్లమల ఉభయచరాల, సరీసృపాల జాబితాను 2008లో ఉస్మానియా ఆచార్యుడు చెలమల శ్రీనివాసులు, ఇంద్రనీల్ దాస్ కలిసి ప్రకటించారు. 2013లో విశాఖ మన్యంలో కాళ్ళు లేని ఉభయచరం, చూడబోతే వానపామే అనిపించేది, కొత్త జాతిగా తేలింది. వెదికితే ఇంకా దొరుకుతాయన్నమాట.

అయితే గుట్ట దొనల దగ్గరికి ఎండాకాలపు పగటిపూట వెళ్ళి లాభం లేదు. నేలలో నెలల తరబడి నిద్రించే కప్పలు తొలకరి రాత్రే బయటికి వచ్చి అరుస్తాయి. చెవితో గుర్తించి, ఆ తరువాతే దీపం వేయాలి. ఆ రాత్రికి ముందు, జెర్డన్ యానాదులను అడిగినట్టే, చిన్నప్పుడు కప్పతల్లి ఆడిన ముసలమ్మలను అడగాలి: ఏ కప్పను పట్టేవారు, ఎక్కడ పట్టేవారు, ఆట ముగిశాక ఎక్కడ విడిచేవారు అని.