హొక్కైడో ఎలుగుకు స్విట్జర్లాండ్ చుట్టరికం

1960ల్లో జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైడో చూసి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వచ్చేవారు కాదు. సాల్మన్ చేపను నోట కరుచుకున్న చెక్క ఎలుగుబంటి ఒకటి వెంట వచ్చేది. టీవీ మీదో, గుమ్మం పక్కన చెప్పుల బీరువా మీదో కూర్చునేది. ఐనూల తాతముత్తాతల నాటి కళ అనుకుని కొనేవారు, అమ్మేవాళ్లూ కాదనేవారు కాదు. తీరా పుట్టుక తవ్వితే ఆ బొమ్మ వయసు నూరేళ్లకు అటూ ఇటూ!

ఐనూలు అక్కడి ఆదివాసులు. ఉలి పని వాళ్లకు కొత్త కాదు. కత్తి ఒరలు, పళ్లేలు, దేవతలకు మద్యం చుక్కలు సమర్పించే ప్రార్థన పుల్లలు అన్నీ మెలికలు తిరిగిన నగిషీతో నిండి ఉంటాయి. ఎలుగైతే సాక్షాత్తూ దేవుడే. కూనను తెచ్చి పెంచి, బలి ఇచ్చి, దాని ఆత్మను తన లోకానికి సాగనంపే ఇయొమాంతె వాళ్లకు అన్నిటికన్నా పెద్ద క్రతువు. అయినా జంతువును ఉన్నదున్నట్టు బొమ్మగా చెక్కడానికి జంకేవారు. ఆ రూపంలో దుష్టశక్తి దూరుతుందని భయం. ప్రార్థన పుల్ల మీదో, క్రతువులో పెద్దలు ధరించే కిరీటం మీదో చిన్న ఎలుగు కనిపించేది కానీ, అది దేవుడి పని కోసం. అమ్మకానికి కాదు.

అమ్మకం సంగతి యకుమోలో మొదలైంది. దక్షిణ హొక్కైడోలోని ఈ ఊరి నేలను, షోగున్ల పాలన ముగిశాక, 1878లో వలస వచ్చిన ఒవారి సంస్థానపు మాజీ సమురాయ్‌లు సాగులోకి తెచ్చారు. ఆ సంస్థానాన్ని ఏలిన తొకుగావ వంశానికి 19వ వారసుడైన యొషిచిక, 1921-22లో ఐరోపా తిరుగుతూ స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఒక చెక్క ఎలుగు కొన్నాడు. ఆల్ప్స్ పల్లెల్లో యాత్రికులకు అమ్మడానికి చెక్కే రకం. మంచు కురిసినన్నాళ్లూ చేతులు ముడుచుకు కూర్చునే యకుమో రైతులకు దాన్ని చూపించి, మీరూ చెక్కండి, నేను కొంటాను అన్నాడు. 1924లో జరిగిన తొలి ప్రదర్శనకు మసావో ఇతో అనే పాడిరైతు ఒక ఎలుగు చెక్కి తెచ్చాడు. యకుమో తన మొదటి ఎలుగుగా చెప్పుకునేది దాన్నే. 2014లో తెరిచిన అక్కడి మ్యూజియంలో స్విస్ ఎలుగూ ఉంది, ఇతో ఎలుగూ ఉంది.

రెండేళ్లకు ఉత్తరాన అసహికావాలో, చికబుమికి చెందిన ఐనూ ఉమెతరో మత్సుయి కూడా ఎలుగు చెక్కాడు. అది యకుమో చూసి చేసిందా, సొంతంగా పుట్టిందా అన్న వాదం ఉంది. ఆ తగువు తీరినా తీరకపోయినా నాకు ఒకటే. ఐనూలు ఆ బొమ్మను ఎందుకు పట్టుకున్నారన్నదే అసలు కథ. షోగున్ల తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం నదుల్లో సాల్మన్ పట్టవద్దంది, జింక వేటకు అడ్డాలు పెట్టింది, నేలను వలసదారులకు పంచింది. మిగిలింది చేతిలోని పనితనం. తాము పడితే నేరమైన చేపను చెక్క ఎలుగు నోట పెట్టి అమ్ముకోవలసి వచ్చింది! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యాత్రికులు వెల్లువెత్తాక ఐనూలు కానివాళ్లు కూడా అసహికావా, అకన్ సరస్సు దుకాణాల కోసం గుట్టలుగా చెక్కారు. అదే సమయంలో, 1955లో, ఇయొమాంతె అనాగరికమంటూ హొక్కైడో పాలకులు సర్క్యులర్ జారీ చేశారు. చెక్క ఎలుగు ముద్దు, దాని దేవుడు వద్దు. ఆ సర్క్యులర్‌ను వెనక్కి తీసుకునేసరికి 2007 వచ్చింది.

ఇప్పుడు ఆ టీవీల మీది ఎలుగులు ఇంటి పెద్దలు పోయాక పాత సామాన్ల అంగళ్లకు చేరుతున్నాయి, సేకర్తలు వాటికోసం తిరుగుతున్నారు. తెలిసినవాళ్లు ముఖం చూడరు, వీపు చూస్తారు. యకుమో పనితనంలో వెంట్రుకలు భుజాల మధ్య మూపు దగ్గర మొదలై, చామంతి రేకుల్లా నలువైపులకూ విచ్చుకుంటాయి. తిరగేస్తే కొన్నిటికి అరికాలి మీద కాల్చి వేసిన ముద్ర కనిపిస్తుంది. అదే ఊరివాడైన షిగెయుకి షిబసాకి (1905-1991) వెంట్రుకల జోలికే పోకుండా, గొడ్డలితో చీల్చిన పలకలతోనే ఎలుగును నిలబెట్టాడు. నాలుగు దెబ్బల్లో బరువైన జంతువు దిగిపోయినట్టుంటుంది. సేకర్తలు ఎగబడేది వీటికే. అసహికావా నుంచి వచ్చిన గొప్పవాడు తకెకి ఫుజితో (1934-2018). పన్నెండో ఏట తండ్రి దగ్గర ఎలుగులతో మొదలుపెట్టి, అకన్‌లో స్థిరపడి, తోడేళ్లనూ మనుషులనూ చెక్కాడు. అతని వెంట్రుక గీతలు చూస్తే తడిసిన బొచ్చును వేలితో దువ్వవచ్చనిపిస్తుంది.

మిగతా వేలాది ఎలుగులకు సంతకం లేదు. ముక్కలవారీ కూలికి చెక్కినవాడి పేరు దుకాణదారుడికి అక్కర్లేకపోయింది. సేకర్తల పుస్తకాలకెక్కేది పేరున్నవాళ్లే కాబట్టి, ఇవి ఇంకా చవగ్గానే దొరుకుతున్నాయి. వాటిలో చేప బరువుకు మెడ కాస్త వంగినట్టు, ముందరి కాలు నిజంగా నేలను తన్నిపెట్టినట్టు చెక్కినవి అప్పుడప్పుడు తగులుతాయి. కొనదగ్గవి అవే.