కొండసైకిలు హ్యాండిలు: ఉక్కు నుండి కర్బనతంతువు దాక

కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, గోల్డెన్ గేట్ వంతెన దాటిన పిమ్మట మరీన్ అను మండలము కలదు. టమల్పాయిస్ పర్వతమును దాని చుట్టునున్న గుట్టలును ఆ మండలమునకు ప్రసిద్ధి తెచ్చినవి. కార్చిచ్చు రేగినప్పుడు బండ్లు పోవుటకై వేసిన మట్టిదారులు ఆ గుట్టల మీదుగా మెలికలు తిరుగుచుండును. 1976వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన, ఫెయిర్‌ఫాక్స్ అను చిన్న ఊరికి సమీపమున, అట్టి దారులలో నొకదానిపై కొందఱు యువకులు, తమ తండ్రుల బాల్యమునాటి ష్విన్ ఎక్సెల్సియర్ వంటి పాతసైకిళ్ల నెక్కి, ఎవడు ముందుగా క్రిందికి చేరునో చూతమని పందెము వేసికొనిరి. రెండు మైళ్ల దూరములో సుమారు 1,300 అడుగులు దిగిపోవు ఆ వాలున, పెడలు వెనుకకు త్రొక్కిన పట్టుకొను ఆ కాలపు బ్రేకులు కాగి, లోపలి గ్రీజంతయు పొగయై పోవుటచే, దిగిన ప్రతిసారియు ఇరుసు విప్పి క్రొత్త గ్రీజు కూర్పవలసివచ్చెడిది. ఆ పనిని బట్టియే ఆ దారికి రీప్యాక్ అను పేరు నిలిచెను. పందెములను నిర్వహించినవాడు చార్లీ కెల్లీ. వానిలో పాల్గొనినవారిలో గేరీ ఫిషర్, జో బ్రీజ్ ముఖ్యులు. నేడు లోకమంతట వ్యాపించిన కొండసైకిలు ఈ చిన్నగుంపు చేతులలోనే రూపు దాల్చెనని చెప్పుట న్యాయము.

ఆ సైకిళ్ల చక్రములకంటెను బ్రేకులకంటెను హ్యాండిళ్లే నాకు అధికముగ ఆసక్తి కలిగించును. అవి మోటారుసైకిళ్ల హ్యాండిళ్ల తీరున వెడల్పుగను, కొనలు పైకి లేచియు ఉండెడివి. కొందఱు వానికి మగూరా అను కంపెనీ చేసిన మోటారుసైకిలు బ్రేకుపిడులనే బిగించుకొనిరి. వెడల్పునకు కారణము స్పష్టము. ముందుచక్రము రాతికి తగిలి ప్రక్కకు తిరుగబోవునప్పుడు, చేతుల నడుమ ఎడమెంత ఎక్కువైన, దానిని నిలుపుటకు అంత తక్కువ బలము చాలును. 1977లో జో బ్రీజ్ పాతచట్రములను విడిచి కొండకొఱకే క్రొత్త చట్రమును నిర్మించెను. ఆ తొలి బ్రీజర్ నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. తరువాత టామ్ రిచీ రూపొందించిన ‘బుల్‌మూస్’ హ్యాండిలు వచ్చెను. హ్యాండిలును ఫోర్కునకు కలుపు స్టెమ్ము నుండి రెండు ఉక్కుగొట్టములు చీలి, అడ్డుగొట్టమును ఇరువైపుల పట్టుకొని, త్రిభుజాకారమున అతుకబడిన ఆ హ్యాండిలును విఱుచుట దుస్సాధ్యము. 1981లో విపణికి వచ్చి కొండసైకిలును సామాన్యుని కందించిన స్పెషలైజ్డ్ కంపెనీ వారి స్టంప్‌జంపర్ సైకిలునకు సైతము అట్టి హ్యాండిలే అమర్చబడెను.

ఉక్కు హ్యాండిలు బరువైనది. కాని దానికొక మహాగుణము కలదు. అది తన బాధను దాచుకొనదు. గట్టిదెబ్బ తగిలిన వంగును, వంగినది కంటికి కనబడును, కనబడినదానిని మార్చుకొని మనుష్యుడు మరునాడు సురక్షితముగా కొండ యెక్కును. రీప్యాక్ తరమువారికి హ్యాండిలుపై అనుమానమన్నదే పుట్టకపోవుటకు హేతువిదియే.

1980 దశకము సగము గడచునప్పటికి పోకడ మారెను. దిగుటలోని వినోదముతోపాటు ఎక్కుటలోని పోటీయు ప్రబలెను. తూనిక గ్రాములలో చూచుట అలవాటయ్యెను. హ్యాండిలు తిన్నగా, సన్నగా, పొట్టిగా మారెను. రెండు కొనల నడుమ 560, 580 మిల్లీమీటర్లకు మించనివి సామాన్యమయ్యెను. 1990లో కొలరాడో రాష్ట్రమునందలి డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగినప్పుడు క్రాస్‌కంట్రీలో నెడ్ ఓవరెండ్, దిగుడు పందెమున గ్రెగ్ హెర్బోల్డ్ గెలిచిరి. అప్పటికి ఉక్కు స్థానమును అల్యూమినియము ఆక్రమించుకొనుచుండెను. గోడలు మధ్యలో మందముగను కొనలలో పలుచగను సాగదీసిన ఆ గొట్టములు చేతికి ఈకవంటివిగా తోచి, పందెగాండ్రను మోహపెట్టెను.

ఇచ్చటనే అనుమానము ప్రవేశించినది. ఉక్కునకు ఒక హద్దు కలదు; ఆ హద్దునకు లోబడిన బలమును ఎన్నిమార్లు ప్రయోగించినను అది అలసిపోదు. అల్యూమినియమునకు అట్టి హద్దు లేదు. ప్రతి రాయియు, ప్రతి గుంటయు దానిలో కొంత అలసటను మిగిల్చిపోవును. లోపల పుట్టిన సన్నని పగులు, పైన ఏ గుర్తును చూపకయే పెరిగి పెరిగి, ఒకనాడు స్టెమ్ము బిగింపు అంచున తెగును. అందుచే ఆ తరము నడుపరులలో తేలికైన అల్యూమినియము హ్యాండిళ్లను రెండు మూడేండ్లకొకసారి మార్చుకొనుట ఆచారమయ్యెను. పైగా బిరుసైన పొట్టిగొట్టము నేలలోని కుదుపునంతయు అరచేతికి చేర్చుటచే, దీర్ఘమైన దిగుడు ముగియునప్పటికి చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును మొద్దుబాఱుచుండెను. మణికట్టు ప్రక్కగా ఆ రెండు వ్రేళ్లకు పోవు అల్నార్ నాడి నలుగుటయే దానికి కారణము. పాల్ టర్నర్ నిర్మించిన రాక్‌షాక్స్ అను, కుదుపును మ్రింగు ముందుఫోర్కు 1989లో వచ్చి కొంత ఊరట కలిగించెను గాని, చేతుల మొఱ పూర్తిగా తీరలేదు.

ఈ మొఱకు సమాధానము సైకిలు వీధిలో పుట్టలేదు. 1879లో ఎడిసన్ నూలుదారమును బొగ్గుగా కాల్చి దీపమునందు వెలిగించునాటికే మనుష్యునికి కర్బనతంతువుతో పరిచయము కలిగియుండెను. కాని దానిలోని బలము తెలియుటకు మఱి ఎనుబదియేండ్లు పట్టెను. 1958లో ఒహాయో రాష్ట్రపు పార్మాలో యూనియన్ కార్బైడ్ పరిశోధకుడు రోజర్ బేకన్, ఉక్కును మించిన బలముగల సన్నని గ్రాఫైటు నూలుపోగులను కనుగొనెను. పిదప కొలదికాలమునకే జపానులో అకియో షిండోయు, 1960 దశకము నడుమ ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమానపరిశోధనాలయమున విలియం వాట్ బృందమును, యాక్రిలిక్ దారమును గాలి తగులని కొలిమిలో వేయి డిగ్రీలకు పైగా కాల్చి, వాడుకకు తగిన తంతువును తీయగలిగిరి. ఒక్కొక్క పోగు మందము మిల్లీమీటరులో వందవపాలునకు తక్కువ. అట్టివి వేలకొలది చేరి ఒక్క పేట యగును. 1971లో జపానుకు చెందిన టోరే కంపెనీ దానిని వ్యాపారముగా తయారుచేయ నారంభించెను.

ఆ వస్తువునకు మొదట సంభవించిన పరాభవము ఇచ్చట స్మరింపదగినది. రోల్స్‌రాయిస్ కంపెనీ తన ఆర్‌బీ-211 విమానయంత్రమునకు కర్బనతంతువుతో పంకారెక్కలను చేసెను. అవి తిరుగుచుండగా పక్షి తగిలిన ఏమగునో చూచుటకు 1970లో పరీక్షింపగా రెక్కలు ముక్కలయ్యెను. ఆ యంత్రపు వ్యయభారమున క్రుంగి, 1971 ఫిబ్రవరిలో అంతటి సంస్థ దివాలా తీసెను. రెక్కలను తిరిగి టైటానియముతో చేయవలసివచ్చెను. లాగుటకు సాటిలేని బలము చూపు తంతువు, అడ్డముగా తగిలిన ఆకస్మికపు దెబ్బకు తాళజాలదని ఇంజనీర్లు గొప్ప మూల్యము చెల్లించి నేర్చుకొనిరి. ఇరువదియేండ్ల తరువాత కొండసైకిలు నడుపరుల మనసును పీడించిన భయము సరిగా ఇదియే.

తంతువు మెల్లగా క్రీడారంగమునకు దిగినది. గాలపుకఱ్ఱలు, గోల్ఫు కఱ్ఱలు మొదట వచ్చెను. పిదప విలుకాండ్ర బాణములు. ఈ బాణముల మార్గమున హ్యాండిలు కథ ఒక చక్కని మలుపు తిరిగినది. డగ్ ఈస్టన్ అను యువకుడు 1922లో కాలిఫోర్నియాలో కొయ్యబాణములు చెక్కుటతో ప్రారంభించి, 1939 నాటికి అల్యూమినియపు బాణములు చేసెను. సన్నని గొట్టమును తిన్నగా, సమముగా, తేలికగా చేయుటయే ఆ ఇంటివారి విద్య. ఆ విద్యయే కాలక్రమమున ఆన్సర్ కంపెనీ హైపర్‌లైట్ హ్యాండిలునకు అల్యూమినియపు గొట్టమై, పిమ్మట ఈస్టన్ పేరుననే మంకీలైట్ అను కర్బన హ్యాండిలై వెలసెను. విలువిద్యకును గుట్టలు దిగు సైకిలునకును చుట్టఱికము కలుగునని ఎవరూహింతురు!

1990 దశకములో కర్బన హ్యాండిళ్లను కొనినవారి తొలి అనుభవము ఆనందమును జంకును కలసినది. తూనిక తగ్గెనని సంతోషించినవాడే, మొదటి దిగుడున రాతిచప్పుడు వినబడగానే క్రిందికి చూచుకొనెడివాడు. ఆ జంకునకు కొంత ఆధారము లేకపోలేదు. అప్పటి స్టెమ్ములు వాడియంచులతో లోహమునకై చేసినవి. అవి పలుచని కర్బనగోడను కొఱికెడివి. ఎక్కుడుకొఱకు కొనలకు బిగించు కొమ్ములు గొట్టమును నలిపెడివి. అందుచే లోపల అల్యూమినియపు బిరడా పెట్టనిదే కొమ్ములు బిగింపరాదని తయారీదారులు హెచ్చరించిరి. బ్రేకుపిడి మరను మోచేతి బలముతో బిగించు అలవాటు ఇంకను పోలేదు. కిందపడినప్పుడు ఆ పిడి తిరిగి గొట్టముపై గీసిన గీత, పైపూతకే పరిమితమైనదో, తంతువునే తెంచినదో చెప్పుట సామాన్యునికి సాధ్యము కాదు. ఇట్టి సంకటములలో కొన్ని హ్యాండిళ్లు విఱిగిన మాట వాస్తవము. విఱిగినప్పుడు అవి ఉక్కువలె వంగి చెప్పవు.

అయినను న్యాయముగా చెప్పవలెనన్న, లోహము ఎల్లప్పుడు చెప్పునా? 2006 ఏప్రిల్‌లో పారిస్-రూబే పందెమున, రాళ్లు పఱచిన దారిపై, జార్జ్ హింకపీ సైకిలు ముందు ఫోర్కు నిలువుగొట్టము తెగి, హ్యాండిలు వాని చేతులలోనికి ఊడివచ్చినది. అతడు నిస్సహాయుడై పడి భుజము గాయపఱచుకొనెను. తెగినది కర్బనము గాదు, అల్యూమినియము. అది అంతకుముందే దెబ్బతిని యుండెనని తరువాత తేలినది. దెబ్బతిన్న వస్తువును గుర్తింపక వాడుటయే అపాయమునకు మూలమనియు, పదార్థభేదము రెండవదనియు ఈ ఉదంతము వలన నేను గ్రహించితిని.

కర్బన హ్యాండిలు గెలిచినది తూనిక వలన మాత్రమే యని పలువురు తలంతురు. నా అభిప్రాయము వేఱు. దానిని నిలబెట్టినవి వెడల్పును, చేతుల సుఖమును. 2000 తరువాత సైకిళ్ల స్టెమ్ములు పొట్టివై, ముందుచక్రములు మఱింత ముందుకు జరిగి, హ్యాండిళ్లు 680, 740, చివరకు 800 మిల్లీమీటర్ల దాక సాగెను; రీప్యాక్ నాటి వెడల్పే తిరిగి వచ్చెనని చెప్పవచ్చును. అంత పొడవు గొట్టమును అల్యూమినియముతో గట్టిగా చేసినచో మూడువందల గ్రాములు దాటును. కర్బనముతో రెండువందల పైచిలుకునకే సాధ్యము. అంతకంటె ముఖ్యము, దానిని కట్టు విధానము. బంకలో నానిన తంతుపటములను ముక్కలుగా కోసి, పనివారు చేతితో ఒకదానిపై నొకటి పేర్చుదురు. నులకమంచపు అల్లికలో త్రాళ్లు ఏటవాలుగా దాటుకొని బరువును పంచుకొనునట్లు, కొన్ని పొరలు నిడివిని, కొన్ని ఏటవాలుగను పఱచబడును. పిదప అచ్చులో పెట్టి, లోపలినుండి గాలితిత్తి ఒత్తిడితో, వేడిమిచే గట్టిపఱతురు. ఈ పనిలో అధికభాగము నేడు తైవానులోను చైనాలోను జరుగుచున్నది. ఏ దిక్కున బిరుసుండవలెను, ఏ దిక్కున కొంచెము లొంగవలెను అను నిర్ణయము లోహమున ఇంత స్వేచ్ఛగా సాధ్యపడదు.

దీనిని నడుపరులు చేతులతోనే కనుగొనిరి. కెనడాలోని విస్లర్ కొండపై లిఫ్టునెక్కి దినమంతయు దిగువారికి, బ్రేకులు పట్టుటచే నేల అలలుగా లేచిన చోట్ల ముంజేతి కండరములు బిగిసి రాయివలె నగుట అనుభవసిద్ధము. కర్బన హ్యాండిలు ఆ చిన్ని కంపములను కొంత మ్రింగి, సాయంకాలమున చేతులను ఇంకొక దిగుడునకు మిగుల్చునని వారిలో పెక్కురి వాక్కు. ఈ మాటను మితముగానే గ్రహింపవలెను. టైరులోని గాలియు, ఫోర్కును, గ్రిప్పుల రబ్బరును చేయు మేలు హ్యాండిలు చేయుదానికంటె ఎక్కువ. బిగింపు వ్యాసము 25.4 నుండి 31.8 మిల్లీమీటర్లకును, 2010 దశకమున 35కును పెరిగినప్పుడు, కొన్ని కర్బన హ్యాండిళ్లే అల్యూమినియముకంటె కఠినమై చేతులను బాధించెను. బిరుసే గొప్పయను భ్రమకు అది ఫలము. ఆ తప్పును దిద్దుటకే, కెనడాలోని స్క్వామిష్ పట్టణపు వన్‌అప్ సంస్థ వంటివారు గొట్టమును కొంతమేర అండాకారముగా చేసి, క్రిందికి లొంగునట్లును ప్రక్కలకు లొంగకుండునట్లును మలచిరి. అది నాకు మెచ్చదగిన మార్గముగా తోచుచున్నది.

పరీక్షలును కట్టుదిట్టమయ్యెను. నేటి అంతర్జాతీయ ప్రమాణము ఐఎస్ఓ 4210 ననుసరించి హ్యాండిలు లక్షసార్లు ఎదురుబొదురుగను, మఱి లక్షసార్లు ఒకే దిక్కునను బలమును భరింపవలెను. మంచి కర్బన హ్యాండిలు అలసటను ఓర్చుటలో అల్యూమినియమును మించునని నడుపరులు నేడు సంశయింపరు. దాని శత్రువు వాడుక గాదు, మోటుచేయి. టార్క్ రెంచితో చెప్పిన కొలతకే, సాధారణముగా అయిదు న్యూటన్ మీటర్లకు, మరను బిగించుట, జాఱకుండ కార్బన్ పేస్టు పూయుట, పొడవు తగ్గింపవలెనన్న సన్నపళ్ల ఱంపముతో నిదానముగా కోయుట, పడినప్పుడెల్ల పిడులు విప్పి గోటితో తడవి చూచుట: ఇవి నేటి కొండసైకిలువారి ఇంటిపద్ధతులైనవి.

కనుక, చదువరీ, నీవు కర్బన హ్యాండిలుతో కొండ దిగువాడవైనచో ఒక్క విన్నపము. గట్టిగా పడినపుడు దానిపై లోతైన గీత కాని, మెత్తబడిన చోటు కాని, మునుపులేని కిఱ్ఱుచప్పుడు కాని తోచెనా, వెలను తలంచి దానిని మార్చుటకు వెనుదీయకుము. చౌకగా వచ్చెనని ఎవరో వాడి విడిచిన హ్యాండిలును కొనకుము. దెబ్బతిన్న నీదానిని మాత్రము మరియొకరి చేత పడకుండ నడిమికి కోసి పాఱవేయుము.