హనమి

జపాన్ భాషలో ‘హన’ అంటే పువ్వు, ‘మి’ అంటే చూడటం. రెండూ కలిసి హనమి. ఏ పువ్వో చెప్పనక్కర్లేదు, చెర్రీయే. నారా రాజధానిగా ఉన్న పాత కాలంలో మాత్రం ఆ గౌరవం చైనా నుంచి వచ్చిన ప్లమ్ జాతి ఉమె పూలది. 812లో సాగా చక్రవర్తి క్యోటోలోని షిన్సెన్‌ఎన్ తోటలో పూల విందు చేశాడు. క్రమంగా చెర్రీ ముందుకొచ్చింది. అయినా చాలాకాలం అది దొరల వేడుకే. 18వ శతాబ్దంలో సైనిక పాలకుడైన షోగన్ యోషిమునె ఎదోలో, అంటే నేటి టోక్యోలో, అసుకయామ గుట్టమీద చెర్రీ మొక్కలు నాటించి మామూలు జనాన్ని రానిచ్చాడు. ఈ కథలో నాకెంతో ఇష్టమైన ఘట్టం ఇదే. ఇవాళ్టికీ అక్కడ చెట్లకింద పట్టాలు పరుచుకుని, ఇంటినుంచి తెచ్చుకున్నది పంచుకు తింటారు. హనమికి చుట్టాలైన మాటలూ ఉన్నాయి. నీళ్లమీద గుంపుగా తేలే రేకులు హనఇకద, పూలతెప్ప. దీపాల వెలుగులో చూసే రాత్రి పూలు యొజకుర. పూలవేళ ఉన్నట్టుండి తిరిగొచ్చే చలికి సైతం హనబియె అని పేరుపెట్టుకున్నారు.